‘నీవు వినినయెడల’ అన్న మాటకు ముందేముంది?

దేవుని మాట వింటేనే ఆశీర్వాదం వస్తుందని, విధేయత దానికి వెల అన్నట్టు చాలాచోట్ల బోధిస్తారు. ద్వితీయోపదేశకాండము 28లోని ‘నీవు వినినయెడల’ అన్న షరతును ఆధారంగా చూపుతారు. కానీ షరతుకు ముందు విడుదల ఉంది. పది ఆజ్ఞలు ఎక్కడ మొదలవుతాయంటే చాలామంది ‘నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు’ అన్న మాటే చెబుతారు. నిర్గమకాండము 20లో అది 3వ వచనం. దానికి ముందు, దాసుల గృహం నుంచి నిన్ను బయటికి తెచ్చినవాణ్ని నేనేనని దేవుడు చెప్పుకున్న 2వ వచనం ఉంది. ఎర్ర సముద్రం దాటింది 14వ అధ్యాయంలో, మన్నా కురిసింది 16లో. ఆజ్ఞలు ఆ తర్వాతే వచ్చాయి. ఇశ్రాయేలీయుల విడుదలకు ముందు, పస్కా రాత్రి ద్వారబంధాలకు రక్తం పూయమన్నది ఐగుప్తులోనే కదా అని అడగవచ్చు. నిజమే, కానీ అది దేవుడు చూపిన ఆశ్రయంలోకి చేరడమే తప్ప విడుదలకు వెల కట్టడం కాదు.

ఈ వరుస తప్పినప్పుడే ద్వితీయోపదేశకాండము 28 ధరల పట్టికలా మారుతుంది. ఆ అధ్యాయంలో 68 వచనాలు. ఆశీర్వాదాలు మొదటి 14 మాత్రమే, మిగిలిన 54 శాపాలు, వాటి వివరాలు. ‘తలగా నియమించును గాని తోకగా నియమింపడు’ అన్న 13వ వచనం వేదికల మీద ఎంత మోగుతుందో శాపాలు మొదలయ్యే 15వ వచనం అంత అరుదుగా వినిపిస్తుంది. నా విధేయతను బట్టి ఆ 14 నావి అనేవాడు తక్కిన 54కూ సంతకం పెట్టాలి. ధర్మశాస్త్ర క్రియల మీద ఆధారపడేవారు శాపం కింద ఉన్నారన్న గలతీ 3:10 చెప్పేది ఇదే. క్రీస్తు మన కోసం శాపమయ్యాడని అదే గలతీ 3లోని 13వ వచనం చెబుతుంది. అన్యజనులకు అందే అబ్రాహాము ఆశీర్వాదాన్ని 14వ వచనం ఆత్మను గూర్చిన వాగ్దానంతో జత చేస్తుంది. అక్కడ పొలం, పశువుల లెక్క లేదు.

‘నీవు నా మాట వినినందున’ అన్న ఆదికాండము 22:18 సంగతేమిటి? అబ్రాహాము ద్వారా అన్ని జనాలకూ ఆశీర్వాదమన్న ఆ వాగ్దానం 12:3లోనే వచ్చేసింది. అదే 12వ అధ్యాయం చివర అబ్రాము ఐగుప్తులో భార్యను చెల్లెలని చెప్పించాడు, అయినా వాగ్దానం రద్దు కాలేదు. అతణ్ని నీతిమంతుడిగా ఎంచింది 15:6లో, సున్నతి 17లో. పౌలు 15వ అధ్యాయం మీద నిలబడి మాట్లాడితే, కొత్త నిబంధనలో పత్రిక రాసిన యాకోబు, ఇస్సాకును అర్పించిన 22వ అధ్యాయాన్ని చూపి, క్రియల మూలంగా విశ్వాసం పరిపూర్ణమైందంటాడు. ఇద్దరినీ ఒకే చోట నిలబెట్టి తగవు పెట్టేది మనమే.

అవతలి గట్టు మీది తప్పు కూడా పాతదే. విశ్వాసికి ధర్మశాస్త్రం అక్కర్లేదన్న యోహాన్ అగ్రికోలా అనే బోధకుడికి వ్యతిరేకంగా జర్మన్ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1537లో చర్చలు మొదలుపెట్టాడు. కృపను గట్టిగా చాటినవాడే ఆ పని చేయాల్సి వచ్చింది. విశ్వాసాన్ని ప్రశ్న-జవాబులుగా నేర్పే 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 129 ప్రశ్నలను మూడు భాగాలు చేసింది: దురవస్థ, విమోచన, కృతజ్ఞత. పది ఆజ్ఞల వివరణ మూడో భాగంలో ఉంది. నా దృష్టిలో ఆ అమరికే సగం వేదాంతం. తీతు 2:11-12లోనూ భక్తిహీనతను విడిచిపెట్టమని బోధించేది కృపే.

లావాదేవీగా నేర్చుకున్న విధేయత కష్టం వచ్చినప్పుడు రెండు రకాలుగా విరుగుతుంది. రోగం తగ్గకపోతే ఏదో దాచిన పాపం ఉందని వెతకడం మొదటిది. యోబు స్నేహితులు చేసిందదే, చివరికి దేవుడు కోపపడింది వాళ్ల మీదే. ఇన్నేళ్లు సేవించాను, నాకేమిచ్చావని తండ్రిని నిలదీయడం రెండోది, లూకా 15లోని పెద్దకొడుకులా. అలాగని విధేయతకు ఫలితమే లేదనకూడదు. దావీదు పాపాన్ని దేవుడు క్షమించాడు, అయినా ఇంట్లో కత్తి పోలేదు (2 సమూయేలు 12). క్షమాపణ తెగిన బంధాన్ని కలుపుతుంది. ఒక్కోసారి పర్యవసానాలు మాత్రం నడుస్తూనే ఉంటాయి.

కానుకల బోధలోనే ఈ తేడా బాగా బయటపడుతుంది. దశమభాగం తెస్తే ఆశీర్వాదం కుమ్మరిస్తానన్న మలాకీ 3:10 వినిపించినంతగా 2 కొరింథీ 8 వినిపించదు. మాసిదోనియ సంఘాలు కడు పేదరికంలో, తమ సామర్థ్యానికి మించి ఇచ్చాయి. ఆ ఇవ్వడం వెనక ఉన్నది దేవుడు వారికి అనుగ్రహించిన కృపే అంటాడు పౌలు. ఆ తర్వాత వారికి ధనం వచ్చిందో లేదో అక్కడ ఒక్క ముక్క కూడా రాయలేదు.