సీలింగ్ చిమ్నీ కొనేముందు ఎత్తు కొలవండి

తిరుపతిలో కొత్తగా లేస్తున్న చాలా అపార్ట్‌మెంట్లలో వంటగదికీ హాలుకీ మధ్య గోడ ఉండటం లేదు. పొయ్యి గది నడిమికి వచ్చేస్తే చిమ్నీ తగిలించడానికి గోడ దొరకదు. దాంతో ఇంటీరియర్ వాళ్లు ఫాల్స్ సీలింగ్‌లో ఇమిడిపోయే చిమ్నీ చూపిస్తారు. కొనేవాళ్లేమో రెండు మూడు కంపెనీల సక్షన్ అంకెలు, అంటే గంటకు ఎంత గాలి లాగుతుందో చెప్పేవి, చూసి, పెద్దది ఏదో అది తీసుకుంటారు. ముందు చూడాల్సింది ఆ అంకె కాదు, పొయ్యికీ చిమ్నీకీ మధ్య దూరం.

గోడ చిమ్నీని పొయ్యికి 65 నుంచి 75 సెంటీమీటర్ల పైన బిగిస్తారు. మన ఇళ్లలో శ్లాబు పదడుగుల ఎత్తు, స్టవ్ గట్టు మూడడుగులకు కాస్త తక్కువ. సీలింగ్‌ను శ్లాబుకు దగ్గరగానే కడితే మిగిలేది దాదాపు ఏడడుగుల ఖాళీ. పొగ పైకి పోయేకొద్దీ విచ్చుకుంటుంది, చల్లబడి వేగం తగ్గుతుంది. పైగా వండే మనిషి ముఖం దాటుకునే పోవాలి. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, హాల్లో ఫ్యాన్ ఆపమంటే ఎవరు ఆపుతారు? చెనిక్కాయ నూనెలో ఎండుమిరపకాయలు వేసి తిరగవాత పెట్టగానే లేచే ఘాటును ఆ ఫ్యాన్ గాలి చిమ్నీకి అందకుండా ఇల్లంతా చల్లుతుంది. కళ్లు మండటంతో పోయేది కాదిది. నూనె పొగలోని సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్తాయి. రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనిషి ఊపిరి ముందు, ఇంటి అందం తర్వాత.

కాబట్టి పొయ్యి గోడవారనే ఉంటే గోడ చిమ్నీయే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. నడిమి గట్టు మీదే పొయ్యి పెట్టాల్సి వస్తే చిమ్నీ పొయ్యికి దగ్గరయ్యేలా అక్కడి సీలింగ్ కిందికి దించండి. ఎంత దూరం దాకా బిగించవచ్చో కంపెనీ ఇచ్చే కాగితంలో ఉంటుంది, అది చదివాకే డబ్బు కట్టండి. చిమ్నీ నోరు పొయ్యికంటే నాలుగు వైపులా వెడల్పుగా ఉండాలి.

ఆ తర్వాత చూడాల్సింది పొగను బయటికి పంపే పైపు. గంటకు 1,200 ఘనపు మీటర్లు అని పెట్టె మీద వేసే అంకె చాలావరకు పైపు తగిలించకుండా కొలిచినది. ఆరంగుళాల నున్నటి పైపు దగ్గరి దారిన బయటికి పోతే పనిచేస్తుంది. ప్రతి వంపూ, ముడతల పైపూ గాలిని ఆపేవే. కిటికీలన్నీ మూసేసినా అంతే, లోపలికి గాలి రానిదే పొగ బయటికి పోదు. పైపే అక్కర్లేకుండా, గాలిని బొగ్గుతో వడకట్టి మళ్లీ ఇంట్లోకే వదిలే ఫిల్టర్ రకం మన వంటకు వద్దు. ఆవిరీ వేడీ ఇంట్లోనే మిగిలిపోతాయి, బొగ్గు మారుస్తూనే ఉండాలి.

జిడ్డు పట్టిన ఫిల్టర్ కడగాలంటే ప్రతిసారీ నిచ్చెన ఎక్కాలి. ఇంట్లో వయసు పైబడినవాళ్లే వంట చేస్తుంటే ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోండి. సీలింగ్ మూసేముందు మోటార్ పక్కన చెయ్యి దూరేంత తలుపు పెట్టించండి. లేకపోతే మోటార్ చెడిపోయిన రోజు సీలింగ్ పగలగొట్టాల్సి వస్తుంది.