పిక్కల బస్తా ఎన్ని కేజీలో ఏఐకి చెప్పేదెవరు?

ఏఐతో రోజువారీ పనులు ఎలా తగ్గించుకోవచ్చో చెప్పే వీడియోలు ఇప్పుడు తెలుగులోనే బోలెడు వస్తున్నాయి. చాలావాటిలో ఉదాహరణలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగివే. ఈమెయిల్‌కి జవాబు రాయించడం, మీటింగ్‌లో మాట్లాడింది క్లుప్తంగా తీయించడం, క్యాలెండర్ సర్దించడం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కువమందికి పని ఈమెయిల్‌లో రాదు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో వస్తుంది, చిట్టీ మీద రాసి ఫొటో తీసి పంపితే వస్తుంది, ఫోన్ చేసి హడావిడిగా చెప్పి పెట్టేస్తే వస్తుంది. ఏఐ నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. అడ్డదిడ్డంగా ఉన్న మాటల్లోంచి పేరు, సరుకు, తూకం, తేదీ ఏరి పట్టికలో పెట్టడం పాత సాఫ్ట్‌వేర్‌తో అయ్యేది కాదు, ఏఐతో అవుతుంది.

పలాసనే తీసుకోండి. అక్కడ జీడిపప్పు వ్యాపారి దగ్గర ఒక గుమస్తా ఉన్నాడనుకుందాం. పొద్దున్నుంచి వచ్చిన మెసేజ్‌లన్నీ విని, ఎవరు ఎన్ని బస్తాల పిక్కలు, అంటే పెంకు తీయని జీడిగింజలు, పంపారు, ఎవరికి ఎంత పప్పు వెళ్ళాలి అని పుస్తకంలో ఎక్కించడం అతని పని. ఆ మెసేజ్‌లన్నీ ఏఐకి ఇస్తే కాసేపట్లో పట్టిక చేసి పెడుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పలాసలో పిక్కల బస్తా అంటే 80 కేజీలు. ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే అది బస్తాకి 50 కేజీలు అనుకుని లెక్క కట్టినా కట్టొచ్చు. 30 బస్తాలు 2,400 కేజీలు అవ్వాల్సింది 1,500 అవుతాయి, 900 కేజీలు కాగితం మీద మాయమైపోతాయి. పట్టికలో ఎక్కడా అనుమానం వచ్చేలా ఉండదు, కూడికలన్నీ సరిగ్గానే ఉంటాయి. అలాగే "320 ఒక పది డబ్బాలు" అని ఎవరైనా అంటే ఆ 320 పప్పు గ్రేడు, అంటే ఒక పౌనుకి ఇంచుమించు అన్ని గింజలు తూగుతాయని. తెలియనివాడు దాన్ని ధర అనుకుంటాడు, ఏఐ కూడా అనుకోవచ్చు. తెలియని చోట ఆగి అడగమని మనం ముందే గట్టిగా చెప్పకపోతే, బాగా నప్పేలా కనిపించేదేదో పెట్టి ముందుకెళ్ళిపోవడం ఈ టూల్స్ తీరు.

ఇదంతా గుమస్తాకి తెలుసు. ఏ పార్టీ బస్తా అంటే ఎంత తూకం, ఎవరు "రేపు" అంటే మూడు రోజులు పడుతుంది, ఎవరి చేతిరాతలో 1 కి, 7 కి తేడా ఉండదు అన్నీ తెలుసు. అవేవీ ఎక్కడా రాసి ఉండవు. ఏఐ పెడదామనుకునే షావుకారు ముందు కొనాల్సింది సబ్‌స్క్రిప్షన్ కాదు, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ తెలిసినదంతా ఒక పేజీలో రాయించుకోవాలి. ఆ పేజీని సూచనలుగా ఇస్తే అదే టూల్ చాలా వరకు దారిలోకి వస్తుంది. ఆ పేజీ లేకుండా ఎంత ఖరీదైన టూల్ తెచ్చినా ఫలితం పై 900 కేజీల లాంటిదే.

ఇంకో విషయం, ప్రతి పనికీ ఏఐ అక్కర్లేదు. మారని పనికి మారని పద్ధతి చాలు. కరెంటు బిల్లు గడువుకి ఫోన్‌లో రిమైండర్ చాలు, చీటీ డబ్బుల లెక్కకి ఎక్సెల్‌లో ఒక ఫార్ములా చాలు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లో మన మిత్ర మొదలుపెట్టినప్పుడు అందులో 161 సేవలు ఉన్నాయి, మెనూలో కావలసింది ఎంచుకుంటూ వెళ్తే పని అయ్యేలా పెట్టారు. సర్టిఫికెట్ దరఖాస్తుకి అలాంటిదే కావాలి, ఎందుకంటే అక్కడ ప్రతిసారీ ఒకే ప్రశ్నకి ఒకే జవాబు రావాలి. ఏఐ జవాబు ఒక్కోసారి ఒక్కోలా మారొచ్చు.

మాట దగ్గర మనకి ఇబ్బంది ఎక్కువ. "పంపీసినాను", "ఎల్లిపోనాడు", "ఏటి సెప్పినాడు" అని మాట్లాడే మనిషి మెసేజ్‌ని టూల్ సరిగ్గా పట్టుకోలేకపోతే సరుకు వెళ్ళిందో లేదో కూడా తేలదు. మార్చుకోవలసింది ఆ మనిషి యాస కాదు. కంప్యూటర్లకి మన భాషలు నేర్పడానికి కేంద్రం నడుపుతున్న భాషిణి కింద భాషాదాన్ పెట్టింది, అందులో ఎవరైనా గొంతు రికార్డు చేసి ఇవ్వొచ్చు. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది, విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది, వేలమంది పిల్లలు చదువుతున్నారు. వాళ్ళు తమ ఊళ్ళలో పెద్దవాళ్ళ మాటని, అనుమతి అడిగి, రికార్డు చేయడం మొదలుపెడితే దానికి మించిన ప్రాజెక్టు నాకు కనిపించడం లేదు.

ఇక అస్సలు అప్పగించకూడని పనులున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతమంది కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నారో మనందరికీ తెలుసు. డాక్టరు రాసిన మాత్ర ఎప్పుడు వేసుకోవాలో గుర్తుచేయించుకోవచ్చు, తప్పులేదు. నడుంనొప్పికి ఏం వేసుకోమంటావని మాత్రం దాన్ని అడగొద్దు. దానికి ఎదురుగా ఉన్న మనిషి ఎవరో, ఏ ఊరో, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో తెలియదు. మామూలు మనిషికి ఫరవాలేదనిపించే నొప్పి మాత్రే కిడ్నీ జబ్బున్నవాళ్ళకి ప్రమాదం. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు కూడా అంతే, కస్టమర్లవి తెచ్చి ఏదో ఒక ఉచిత యాప్‌లో పడేసి ఫారం నింపించడం దయచేసి ఆపండి, అవి మనవి కావు.

నా వరకు హద్దు ఒక్కటే. రాసేది అది రాయనీ, పంపేది మనిషి పంపాలి. బాకీ గుర్తుచేసే మెసేజ్ ఎంత మర్యాదగా రాసినా, నిన్ననే ఇంట్లో చావు జరిగిన రైతుకి అది వెళ్ళకూడదని దానికి తెలియదు, గుమస్తాకి తెలుస్తుంది.

అందుకే ఈ మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ గుమస్తా సంగతే. లెక్కలు సాయంత్రం ఏడుకి బదులు నాలుగుకే తేలిపోతే ఆ మూడు గంటలు ఎవరివి? చిన్న దుకాణాల్లో, ప్రైవేటు కాలేజీ ఆఫీసుల్లో టైం మిగిలిందంటే చాలు ఇంకొకరి పని తెచ్చి అతని నెత్తిన పెడతారు, లేదంటే ఇంక నువ్వెందుకు అంటారు. అతను చెప్పింది రాసుకుని, దానితోనే మెషిన్ నడుపుతూ, అతన్నే వెళ్ళిపొమ్మనడం అన్యాయం. పైగా వచ్చే సీజన్‌లో కొత్త పార్టీ కొత్త తూకంతో వస్తుంది, అప్పుడు ఆ పేజీని ఎవరు మారుస్తారు? అతన్ని ఉంచుకోండి, ఆ పేజీకి విడిగా డబ్బులివ్వండి, నాలుగింటికి పని అయిపోతే నాలుగింటికే ఇంటికి పంపండి.