రేసు కార్డుగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రేసు కార్డుగారి సముఖమునకు తమ నిత్య పాఠకుడు వ్రాయు విన్నపములు. ఉభయకుశలోపరి. ఇక్కడ జేబు తప్ప తక్కినవారం క్షేమం.

అయ్యా, గుర్రప్పందేల రోజున ఏ రేసులో ఏ గుర్రాలు పరిగెత్తుతాయో, వాటి చరిత్ర ఏమిటో అచ్చేసి చేతికిచ్చే పుస్తకం మీరు. మీలో అబద్ధం లేదు. పక్కకు పిలిచి చెవిలో టిప్ ఊదేవాడి మీద కేకలేయొచ్చు గానీ, మీ మీద నేరం మోపడానికి ఏమీ దొరకదు. అచ్చేసినవన్నీ నిజాలే. ఇన్ని నిజాలు చదివాక కూడా ఏ గుర్రం మీద కాయాలో తెలియకపోవడమే మీ ప్రత్యేకత.

ఒక్క వరుస తీసుకుందాం. గుర్రం పేరు పక్కన 4102 అని వేశారు. కుడి చివరిది తాజా పరుగు. అంటే మొన్న రెండోదిగా వచ్చింది. దాని పక్క సున్నా అంటే, అంతకుముందు పరుగులో మొదటి తొమ్మిదింటిలో కూడా లేదు. ఆ రెండు కనపడగానే పక్కవాడు "ఫామ్‌లోకొచ్చింది" అని లేచి నిలబడతాడు. కాస్త కూర్చోమనండి. ఆ రెండో స్థానం ముక్కు తేడాతో పోయిందా, పది గుర్రాల పొడవు వెనకబడి వచ్చిందా? నాలుగు గుర్రాల పందెమా, పద్దెనిమిదింటిదా? ఆరు ఫర్లాంగులా, పన్నెండా? ఈ రోజు దూరం ఎంత? అసలు ఆ సున్నాయే గొప్పదేమో! తన స్థాయికి మించిన గుర్రాలతో పరిగెత్తి, రైలింగు పక్కన ఇరుక్కుపోయి, దారి దొరికేసరికి పందెం అయిపోయి ఉండొచ్చు. ఇలా ఆలోచించగా ఆలోచించగా సున్నా మంచిది, రెండు చెడ్డది అని తేలుతుంది. సాయంత్రానికి రెండూ చెడ్డవే అని తేలినా మీకేం పోయింది?

ఇక బరువుల సంగతి. హ్యాండిక్యాప్ పందెంలో మంచి గుర్రం వీపున ఎక్కువ బరువు, నాసి గుర్రం వీపున తక్కువ బరువు పెట్టించే అధికారి ఒకాయన ఉంటారు. గుర్రాలన్నీ ఒకేసారి గీత దాటాలన్నది ఆయన కల. గెలిచేదేదో ఎవరూ చెప్పలేకుండా చేయడానికే ఆయనకు జీతం. ఆ మహానుభావుడి లెక్కనే తెచ్చి, దీన్ని చూసి గెలిచేదేదో కనుక్కోండని మా చేతిలో పెడతారు! మైలు పందెంలో రెండు పౌండ్లు అటూఇటూ అయితే ఒక గుర్రం పొడవంత తేడా వస్తుందని ఒక లెక్క. రెండు పౌండ్లంటే కిలో లోపే. అరటన్ను గుర్రం పరుగు మొదలయ్యే గేటు దగ్గరకు వెళ్తూ దారిలో పేడ వేసిందంటే అంతకంటే ఎక్కువే దిగిపోతుంది. ఆ కాలమ్ మాత్రం మీలో ఉండదు.

నేల మెత్తగా ఉందా గట్టిగా ఉందా, గేటు లోపలివైపు పడిందా బయటివైపా, గుర్రానికి తొలిసారి బ్లింకర్స్ (పక్కచూపులు చూడకుండా కళ్ల పక్కన పెట్టే అడ్డాలు) కట్టారా అన్నవి నిజంగానే పట్టించుకోవాల్సినవి. మలుపున్న పొట్టి పందెంలో బయటి గేటు పడితే గుర్రం ఎక్కువ దూరం పరిగెత్తాలి. ఇందులో హాస్యమేమీ లేదు.

వంశం కాలమ్ అంటే నాకు ముచ్చట. లోకంలోని థరోబ్రెడ్లన్నీ, అంటే పందెపు జాతి గుర్రాలన్నీ, తండ్రి వరుసలో మూడే గుర్రాలకు చేరతాయి: డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్, బయర్లీ టర్క్. గేటులో నిలబడ్డవన్నీ దూరపు దాయాదులే అన్నమాట. అయినా పెళ్లిసంబంధానికి వెళ్లినవాడిలా తాతముత్తాతల గురించి ఆరా తీస్తూ కూర్చుంటాం. ఇంకా పరుగు మొదలుపెట్టని పిల్ల గుర్రం విషయంలో ఇది పనికొస్తుంది. ఆరేళ్ల గుర్రం ముప్పై సార్లు పరిగెత్తి చూపించాక కూడా దాని తాతను అడగడం ఎందుకండీ?

అసలు సంగతికొస్తాను. మీరు నా ఒక్కడి కోసం రహస్యంగా అచ్చు కాలేదు. పక్కవాడి చేతిలోనూ మీరే, వెనకవాడి చేతిలోనూ మీరే. అందరూ చదివింది అప్పుడే ధరలో, అంటే గెలిస్తే కాసిన డబ్బుకు ఎంత వస్తుందన్న లెక్కలో, కలిసిపోయి ఉంటుంది. ఫేవరెట్, అంటే జనం ఎక్కువగా కాసే గుర్రం, సుమారుగా మూడు పందేల్లో ఒకటి గెలుస్తుంది కాబట్టి జనం మరీ తెలివితక్కువవాళ్లేం కాదు. అయినా ప్రతి రేసులో ఫేవరెట్ మీదే కాసేవాడు కొన్నాళ్లకు నష్టపోతాడు, దాని ధర ముందే పడిపోయి ఉంటుంది గనుక. పెద్ద ధర వస్తుంది కదా అని ఎవరూ చూడని గుర్రాల మీద కాసేవాడు ఇంకా తొందరగా నష్టపోతాడు. నాలుగు సమానమైన గుర్రాలుంటే ఒక్కోదానికి వందకు నాలుగొందలు రావాలి. బుకీ మూడొందల యాభై అంటాడు. నాలుగింటి మీదా వందేసి కాస్తే గెలుపు ఖాయం, యాభై నష్టమూ ఖాయం. టోట్‌కైతే ఆ మొహమాటం కూడా లేదు. అందరి డబ్బూ ఒకచోట పోసి, చాలాచోట్ల 15 నుంచి 25 శాతం దాకా ముందే తీసేసుకుని, మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతుంది. ఇన్ని కాలమ్‌లున్న మీలో ఈ కోత కాలమ్ ఎక్కడండీ?

బిల్ బెంటర్ అనే ఆయన హాంకాంగ్ రేసుల్లో కంప్యూటర్ లెక్కలతో కోట్లు గడించాడు. 1994లో ఆయన అచ్చేసిన పరిశోధన పత్రంలోని కిటుకు వింటే మీ మనసు నొచ్చుకుంటుంది. గుర్రాల వివరాలతో కట్టిన లెక్క ఒక్కటే చాల్లేదు. జనం పెట్టిన ధరను కూడా అందులో కలిపాకే అది గట్టిగా నిలబడింది. ఏ గుర్రానికి దాని గెలుపు అవకాశాన్ని మించిన ధర పలుకుతోందో వెతకాలి, అలాంటిది లేని రేసును వదిలేయాలి. వదిలేయమని మీరెప్పుడైనా అచ్చేశారా?

ఇంగ్లండులో కంచెలు దూకుతూ సాగే పెద్ద పందెం గ్రాండ్ నేషనల్, అందులో 1967 నాటిదాన్నైతే మీ ముందు ఎత్తకూడదు గానీ ఎత్తుతున్నాను. ఫోయినావన్ అనే గుర్రం ధర 1కి 100. దాని ట్రైనరూ యజమానీ కూడా ఆ రోజు మైదానానికి రాలేదు. 23వ కంచె దగ్గర, జాకీ లేకుండా పరిగెత్తుతున్న గుర్రమొకటి అడ్డంగా తిరిగేసరికి ముందున్నవన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని నిలిచిపోయాయి. ఫోయినావన్ ఎంత వెనకబడి ఉందంటే, ఆ గందరగోళాన్ని చూసి, సందు వెతుక్కుని దాటడానికి దాని జాకీకి తీరిక దొరికింది. గెలిచింది. ఇప్పుడు ఆ కంచెకే దాని పేరు. దీన్ని ఏ గడిలో వేస్తారు? "వెనకబడటంలో మంచి ఫామ్" అనా?

రేసు అయ్యాక మాత్రం మీ వైభవం చూడాలి. కర్ణుడి చావుకు వంద కారణాలన్నట్టు, ఓడిన ప్రతి గుర్రానికీ మీలో ఒక కారణం దొరుకుతుంది. నేల మెత్తబడింది, బరువు ఎక్కువైంది, దూరం సరిపడలేదు. "నేను పొద్దున్నే చెప్పాగా" అనేవాళ్లు ఎక్కడినుంచో పుట్టుకొస్తారు. వాళ్ల చేతిలో టికెట్ మాత్రం వేరే గుర్రానిది ఉంటుంది.

కాబట్టి నా విన్నపం. వచ్చేసారి ప్రతి గుర్రం పక్కన ఒక ఖాళీ గడి వదలండి, "ధర ఇంతకంటే తగ్గితే కాయను" అని ముందే మా చేత్తో రాసుకుంటాం. చివరి పేజీలో ఇంకో గడి, ఈ రోజు పోయినా ఫర్వాలేదనుకున్న మొత్తానికి. వాటితోపాటు ఒక పెన్ను కూడా ఇప్పించండి. పెన్సిలైతే మూడో రేసుకల్లా చెరిపేస్తాం.

ఇట్లు,
తమ విధేయుడు,
రెండో రేసు వరుసలు చూసుకుంటున్న ఒక పాఠకుడు