బీరువాలో స్థిరపడిన పాస్‌పోర్టు గారికి

మహారాజశ్రీ పాస్‌పోర్టు గారి దివ్యసముఖమునకు, విశాఖపట్నం మర్రిపాలెం నివాసి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. మీరు కూడా బీరువా లాకరులో, పట్టుచీరల అడుగున, కలరా ఉండల వాసన పీలుస్తూ క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

మీరు మా ఇంట అడుగుపెట్టి త్వరలో పదేళ్లు నిండుతాయి. అప్పట్లో విచారణకు వచ్చిన కానిస్టేబులు గారు "ఏ దేశం వెళ్తున్నారండీ?" అని అడిగితే, "ఇంకా నిశ్చయించుకోలేదండీ" అన్నాను, ముందు ఐరోపాయా ఆఫ్రికాయా అన్నదొక్కటే తేలవలసి ఉన్నట్టు. అది ఇప్పటికీ తేలలేదు. మీ 36 పుటలూ మాత్రం కొత్త పెళ్లికూతురి పసుపుబట్టల్లా మడత నలగకుండా ఉన్నాయి.

మీలో భారత రాష్ట్రపతి పేరిట ఒక విన్నపం అచ్చయి ఉంది. ఈ వ్యక్తిని ఏ ఆటంకమూ లేకుండా పోనివ్వవలసిందని, అవసరమైన సాయమూ రక్షణా కల్పించవలసిందని సంబంధితులందరినీ కోరే అంతటి సిఫారసు ఉత్తరాన్ని నేను ఇంతవరకు చూపించింది మా వీధి చివర జిరాక్సు కుర్రవాడికి. అతను ఏ ఆటంకమూ కలిగించలేదు. రెండు పుటలూ ఒకే కాగితం మీద తీయమంటారా అని మాత్రం అడిగాడు.

మీ సేవలను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. బ్యాంకులో కేవైసీకి, గ్యాస్ కనెక్షనుకు, మా అబ్బాయి సిమ్ కార్డుకు మీరే వెళ్లారు. మీ చివరి పుటలో మా చిరునామా ఉండటమే అందుకు కారణం. మనిషి ఇల్లు వదిలి పోవడానికని పుట్టిన మీరు, ఈ మనిషి ఇల్లు వదలలేదని పదేళ్లుగా ఊరంతా తిరిగి సాక్ష్యం చెబుతున్నారు.

నేరం నాదేనని ఒప్పుకుంటాను. మా ఊరి నుంచి సింగపూరుకు నేరుగా విమానంలో సుమారు నాలుగు గంటల ప్రయాణం. హైదరాబాదుకు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు పన్నెండు గంటలు. అయినా నేను పులిహోర పొట్లంతో గోదావరినే నమ్ముకున్నాను.

మిమ్మల్ని విమానం ఎక్కించలేదన్న నింద మాత్రం పడను. బీచ్‌రోడ్డు మీద నౌకాదళం వారి పాత విమానం టీయూ-142 ప్రదర్శనకు పెట్టి ఉంది కదా, దాన్ని చూడబోయిన రోజు మిమ్మల్ని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాను. 1988 నుంచి 2017 వరకు ఆ విమానాలు సముద్రాల మీద జలాంతర్గాములను వెతుకుతూ తిరిగాయి. ఈ ఒక్కటి ఆఖరుసారి మా విమానాశ్రయంలో దిగింది. అక్కడి నుంచి బీచ్‌కు మాత్రం విడదీసి, లారీల మీద రోడ్డున తెచ్చి, మళ్లీ బిగించారు. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఎదురుబొదురు దిశల్లో తిరిగే రెండేసి పంకాలు. ఆ రోజు ఒక్క పంకా రెక్క మీద కాకి వాలి ఉంది. లోపల ఇరుకు దారిలో నడుము వంచి నడుస్తుంటే, నా ముందున్న చంటివాడు "ఇది ఎప్పుడు ఎగురుతుంది నాన్నా?" అని అడిగాడు. వాడి తండ్రి "అందరూ ఎక్కాక" అన్నాడు. నేను జేబు తడుముకున్నాను. దిగేటప్పుడైనా ఎవరో ఒకరు మిమ్మల్ని అడిగి ముద్ర వేస్తారేమోనని చూశాను గానీ, గేటు దగ్గరి ఆయన "తొందరగా కదలండి సార్, వెనక బడిపిల్లలున్నారు" అన్నాడు.

ఇప్పుడు మీ గడువు దగ్గరపడింది. కొత్తవారిని ఇచ్చి, మీ మూల కత్తిరించి, రద్దయినట్టు ముద్ర వేసి తిరిగి ఇస్తారట. మీ జీవితంలో పడబోయే ముద్ర అదొక్కటే కావడం నాకూ బాధగానే ఉంది. ఈసారి 60 పుటల పాస్‌పోర్టు తీసుకుందామని నేను అంటే, మా ఆవిడ చేస్తున్న కూరగాయల బేరం ఆపి మరీ నావైపు చూసింది.

ఆ సంగతి తరవాత మాట్లాడుకుందాం. రేపు ఉదయం పదింటికి సిద్ధంగా ఉండండి. ఇంటర్నెట్ కనెక్షను వాళ్లు చిరునామా రుజువు అడిగారు. చివరి పుట ఒక్కటీ చాలన్నారు.

ఇట్లు,
మీ ఫోటో పుటలో దిగాలుగా చూస్తున్న వ్యక్తి