"ఎవరి వైపు నుంచి వచ్చింది?" అని అడగకండి

బిడ్డకు జన్యుపరమైన సమస్య ఉందని తెలియగానే మనవాళ్ళ నోట మొదట వచ్చేది ఈ ప్రశ్నే. ప్రేమగా అడిగినా, ఆరా తీయడానికి అడిగినా అది చివరికి తల్లి మీదికే పోతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఏ మందులు వాడింది, విశ్రాంతి తీసుకుందా లేదా, ఇలా తవ్వకాలు మొదలవుతాయి. రూబిన్‌స్టీన్-టేబీ సిండ్రోమ్ విషయంలో మాత్రం ఆ ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ "ఎవరి వైపు నుంచీ కాదు" అనే.

సుమారు లక్ష నుంచి లక్షా పాతిక వేల మంది శిశువుల్లో ఒకరికి వస్తుందిది. మొదటి ఆనవాలు చేతుల్లోనే ఉంటుంది. బొటనవేళ్ళు వెడల్పుగా, కొందరిలో పక్కకు వంగి ఉంటాయి. కాళ్ళ బొటనవేళ్ళూ అంతే. ఎత్తు తక్కువ, నడక, మాట ఆలస్యం, మేధో వికాసంలో వెనుకబాటు. అది ఎంత అన్నది పిల్లలందరిలో ఒకేలా ఉండదు. 1963లో జాక్ రూబిన్‌స్టీన్, హూషంగ్ టేబీ అనే వైద్యులు దీన్ని వివరించారు. అంతకు ముందే, 1957లో, గ్రీకు వైద్యులు ఇలాంటి బిడ్డ గురించి రాశారు గానీ పేరు మాత్రం వాళ్ళకు దక్కలేదు.

కారణం చాలామందిలో 16వ క్రోమోజోమ్ మీదున్న సీఆర్ఈబీబీపీ అనే జన్యువు. ఇది 1995లో బయటపడింది. కొద్దిమందిలో 22వ క్రోమోజోమ్ మీది ఈపీ300. వీటి నుంచి తయారయ్యే ప్రొటీన్లు ఇంకెన్నో జన్యువుల చేత పని మొదలుపెట్టిస్తాయి. అందుకే తేడా ఒక్కచోట వచ్చినా వేళ్ళు, మెదడు, గుండె అన్నిటా కనిపిస్తుంది. జన్యువుకున్న రెండు ప్రతుల్లో ఒకటి దెబ్బతింటే చాలు. ఆ దెబ్బ దాదాపు ఎప్పుడూ బిడ్డలోనే కొత్తగా పుడుతుంది, తల్లిదండ్రుల రక్తంలో వెతికినా దొరకదు. దగ్గరి బంధువుల పెళ్ళికీ దీనికీ సంబంధం లేదు. తల్లిదండ్రులకు ఈ సమస్య లేనప్పుడు తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం 1 శాతం లోపే. అండంలోనో వీర్యకణాల్లోనో ఆ మార్పు దాగి ఉండొచ్చు కాబట్టి సున్నా అనరు. జన్యు సలహాదారుతో ఒకసారి మాట్లాడటం మంచిది.

ఇక అసలు అడగాల్సినవి వేరే ఉన్నాయి. గుండెకు ఎకో తీయించారా? కిడ్నీలు, కళ్ళు, వినికిడి చూపించారా? పాలు తాగడంలో ఇబ్బంది, మలబద్ధకం ఉన్నాయా? నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మత్తుమందు సంగతి. ఈ పిల్లల్లో శ్వాసనాళం మెత్తగా ఉండి ట్యూబ్ వేయడం కష్టం కావచ్చు, కొన్ని మందులకు గుండె లయ తప్పిన సందర్భాలూ ఉన్నాయి. చిన్న ఆపరేషన్ అయినా సరే, మత్తు డాక్టరుకు సిండ్రోమ్ పేరు ముందే చెప్పాలి. పరువు కోసం పేరు దాచేస్తే ప్రమాదం బిడ్డకే. పరీక్షలో జన్యు మార్పు దొరకలేదని కొట్టిపారేయడమూ తొందరపాటే. లక్షణాలను బట్టి కూడా వైద్యులు నిర్ధారిస్తారు.

దాపరికం తోబుట్టువుల దాకా పాకుతుంది. అక్క పెళ్ళి మాటలు జరుగుతుంటే తమ్ముణ్ణి లోపలి గదిలో కూర్చోబెట్టేవాళ్ళున్నారు. తమ్ముడిలో ఆ మార్పు కొత్తగా పుట్టినదైతే అక్క పిల్లల గురించి భయపడాల్సిన పని లేదు. ఇది తెలిసి కూడా సంబంధం వదులుకునేవాళ్ళను నేను జాగ్రత్తపరులు అనను.

ఈ పిల్లలు చాలామంది మనుషులంటే ఇష్టపడతారు, ఎవరు పలకరించినా నవ్వుతారు. సంగీతం అంటే ప్రాణం పెట్టేవాళ్ళూ ఎక్కువే. పెద్ద శబ్దాలు, గుంపు మాత్రం కొందరికి టెన్షన్. మనవాళ్ళ అసోసియేషన్ జరిపే కార్యక్రమాలకు ఈ పిల్లలున్న కుటుంబాలు ఎందుకు రావడం లేదో దాని కమిటీ ఇప్పటిదాకా ఆలోచించినట్టు లేదు. స్పీకర్లకు దూరంగా ఒక గది, అందులో ఇద్దరు వాలంటీర్లు. వచ్చే కార్యక్రమం బడ్జెట్‌లో ఈ ఒక్క పద్దు చేర్చమని అడుగుతున్నాను.