సాలీడు గుడ్ల సంచికి నిప్పెందుకండీ?

"గోడకి సాలీడు గుడ్ల సంచి కనిపిస్తే కిరోసిన్ కొట్టి అంటించేయండి. ఒక్కోదాంట్లో పదివేల పిల్లలుంటాయి, అన్నీ ఇంట్లోకే దూరతాయి. మంట ఇష్టం లేకపోతే పురుగుమందు కొట్టినా చాలు. ఒక్కసారి చేస్తే ఇక రావు." ఈ మెసేజ్ నాకు ఇప్పటికి ముగ్గురు పంపారు.

నిప్పు సంగతి ముందు. చూరు కింద ఎండుటాకులుంటాయి, పాత పిట్టగూడు పుల్లలుంటాయి, కరెంటు వైరు కూడా అక్కడే పోతుంది. సాలీళ్లను కాల్చబోయి కొంప అంటించుకున్నవాళ్లు నిజంగానే ఉన్నారు. దీని మీద ఇంతకన్నా వాదన అనవసరం.

పదివేలన్నది ఉత్త మాట. తోటల్లో గుండ్రటి గూడు అల్లే సాలీళ్లలో కొన్ని వందల కొద్దీ గుడ్లు పెడతాయి, వెయ్యి దాటేవీ ఉన్నాయి. మూలల్లో వేలాడే సన్నకాళ్ల సాలీడుకి పదుల్లోనే. అది సంచి కూడా కట్టదు, గుడ్లను నాలుగు పోగులతో చుట్టి నోట కరుచుకుని తిరుగుతుంది. పుట్టిన పిల్లలైనా ఇల్లు వెతుక్కుంటూ రావు. చాలా జాతుల్లో అవి ఎత్తు మీదికెక్కి, దారం వదిలి, గాలికి కొట్టుకుపోతాయి. మిగిలినవాటిలో చాలావాటిని తోటి పిల్లలో, వేరే జీవులో తినేస్తాయి.

అసలు తప్పు పురుగుమందు దగ్గరుంది. ఆ సంచి కాగితం కాదు, పొరలు పొరలుగా నేసిన పట్టు. లోపల మెత్తటి దూదిలా, పైన బిగుతుగా ఉంటుంది. వాన చుక్కే సరిగా ఇంకదు, మందు తుంపర ఏం దిగుతుంది? తడి పైపైనే ఆరిపోతుంది. మీరేమో చచ్చాయనుకుంటారు. పైగా గుడ్డు పగిలినా పిల్లలు వెంటనే బయటికి రావు, మొదటి కుబుసం విడిచేదాకా లోపలే ఉంటాయి. అది తెలియక నేనొకసారి కిటికీ మూల సంచిని బూజుకర్రతో గీరాను. చిరిగింది. ఆవగింజలో సగం లేని పసుపు చుక్కలు కర్ర వెంట నా చేతి మీదికి పాక్కుంటూ వచ్చాయి.

అందుకే చిరక్కుండా తీయాలి. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆనిస్తే సరి, తర్వాత క్లీనర్ లోపలి చెత్త సంచిని కవర్లో పెట్టి మూతి బిగించి పారేయండి. అది లేకపోతే చేతికి గ్లౌజు, కింద సబ్బునీళ్ల డబ్బా. పాత గరిటెతో సంచి అంచు లేపితే ఊడి అందులో పడుతుంది, నీళ్లలో పూర్తిగా ముంచి ఉంచండి. పక్కన సన్నటి చిల్లుండి, పట్టుకుంటే తేలిగ్గా ఉంటే పిల్లలు ఎప్పుడో వెళ్లిపోయినట్టే, ఊడ్చేయండి. మట్టితో గట్టిగా ఉందా, అది సాలీడుది కాదు, కందిరీగ గూడు. విప్పితే లోపల దాని పిల్లకి మేతగా కుక్కిన సాలీళ్లే కనిపించొచ్చు!

ఇక "మళ్లీ రావు" అన్నది. గుమ్మం మీద తెల్ల లైటు రాత్రంతా వెలిగితే పురుగులొస్తాయి, వాటి కోసం సాలీడు వస్తుంది. పసుపు బల్బుకి పురుగులు తక్కువ మూగుతాయి. పడుకునే ముందు అదీ ఆర్పేస్తే ఇంకా మంచిది.