డాక్టరుకు ఉన్న దారి టీచరుకు లేదు

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఏజీడబ్ల్యూఎస్‌ఆర్ అని ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ ఉంది. ఆక్లీ, జెనీవా, వెల్స్‌బర్గ్, స్టీమ్‌బోట్ రాక్ అనే నాలుగు ఊళ్ళ పేర్లలోంచి తీసుకున్న అక్షరాలవి. ఒకప్పుడు ఏ ఊరి బడి ఆ ఊరికుండేది. పొలాలు పెద్దవై, కుటుంబాలు తగ్గి, పిల్లలు చాలక ఊళ్ళు ఒక్కొక్కటిగా బడులు కలుపుకున్నాయి. ఏ ఊరి పేరు వదిలేసినా గొడవే అనుకున్నారేమో, అందరి అక్షరాలూ ఉంచేశారు. ఆ రాష్ట్రంలో కారేసుకుని తిరిగితే మధ్యలో గీత పెట్టి రెండు ఊళ్ళ పేర్లు కలిపిన బడుల బోర్డులు ఎన్నో కనిపిస్తాయి. ప్రతి గీత వెనకా ఎక్కడో ఒక బడి మూతపడిన కథ ఉంటుంది.

డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా అనుకోకండి. అయోవాలో కౌంటీలు 99, స్కూల్ డిస్ట్రిక్టులు మూడు వందలకు పైనే. ప్రతిదానికీ ఊరివాళ్ళు ఎన్నుకున్న ఐదుగురు లేదా ఏడుగురు సభ్యుల బోర్డు, ఆ బోర్డు పెట్టుకున్న ఒక సూపరింటెండెంట్. టీచరును తీసుకునేది వీళ్ళే. లైసెన్సు వరకే రాష్ట్రం పని. మనకేమో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు ఒకటే నోటిఫికేషన్. మూడు లక్షల మందికి పైగా పోటీ పడ్డారు. ర్యాంకు, రోస్టరు, కౌన్సెలింగ్ దాటి ఎక్కడ పడితే అక్కడికి పోవాల్సిందే. తర్వాత బదిలీల్లో స్పౌజ్ పాయింట్లు చూసుకుంటూ పట్నం వైపు జరుగుతూ రావడమే జీవితాశయం. అయోవా లాంటి నడిమి రాష్ట్రాల్ని మిడ్‌వెస్ట్ అంటారు, అక్కడి పల్లెలో దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క. అక్కడ అభ్యర్థి కోసం ఊరు ఎదురుచూస్తుంది.

మా పిన్ని కూతురు సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తెనాలి దగ్గర పుట్టి పెరిగింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఈడీ చేసి విజయవాడలో ఇంటర్ పిల్లలకు కొన్నేళ్ళు పాఠాలు చెప్పింది. భర్త డాక్టరు. అయోవాలో మూడు వేలు కూడా దాటని జనాభా ఉన్న ఊళ్ళో క్లినిక్‌లో పని. ఆయన గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయ్యాక, తనకు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద పని చేసుకునే ఈఏడీ కార్డు వచ్చింది. సర్టిఫికెట్లు ఎవాల్యుయేషన్‌కు పంపడం, మూడేళ్ళ బీఎస్సీ వాళ్ళ లెక్కలో ఎంతకు సరిపోతుందో తేల్చుకోవడం, యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్‌లో ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించడం, వేలిముద్రలు ఇవ్వడం, వీటికే దాదాపు ఏడాది పట్టింది. ఇంటర్వ్యూ మాత్రం నలభై నిమిషాల్లో అయిపోయింది.

ఆ ఇంటర్వ్యూ గురించి ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. "ఫిజిక్స్ ఒక్కటే అనుకున్నా అన్నయ్యా. కెమిస్ట్రీ చెబుతారా అన్నారు, సరే అన్నా. ఎనిమిదో తరగతి సైన్స్ అన్నారు, సరే అన్నా. తర్వాత, వాలీబాల్ కోచింగ్ చేస్తారా అన్నారు. షటిల్ ఆడతానన్నా. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు."

ఆ సూపరింటెండెంట్ అడిగింది సరదాకేం కాదు. చిన్న బడిలో ఒక టీచరు అంటే మూడు సబ్జెక్టులు, ఒక ఆట, శుక్రవారం సాయంత్రం మ్యాచ్‌లో ఒక డ్యూటీ. హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున ఊరంతా గ్రౌండ్‌లోనే. మా చెల్లెలు మొదటి మ్యాచ్‌కి వెళ్తే, గేటు దగ్గర టికెట్లు చింపుతున్నది సూపరింటెండెంటే! ఈమెను పాప్‌కార్న్ స్టాల్‌లో నిలబెట్టారు. డిగ్రీలేంటని అడిగిన నాథుడు లేడు. "మీ ఆయనేగా మా అమ్మ మోకాలు చూసింది" అన్నారొకరు. "మీకు ఆకలేస్తే చెప్పండి, కేసీస్‌లో పిజ్జా తెప్పిస్తాం" అన్నారింకొకరు. కేసీస్ అంటే పెట్రోలు బంకు. అయోవాలోనే పుట్టిన చెయిన్ అది. అలాంటి చాలా ఊళ్ళలో రాత్రిపూట తిండి దొరికే చోటు అదొక్కటే. తను అచ్చం శాకాహారి. ఆ రోజు నుంచి ఆమె కోసం ఒక చీజ్ పిజ్జా విడిగా చెప్పడం స్టాఫ్‌కి అలవాటైపోయింది.

ఉద్యోగం దొరకడం, ఊళ్ళో కుదురుకోవడం అక్కడ వేర్వేరు పనులు కావని నాకు అనిపించింది అప్పుడే. మన దగ్గర టీచర్లు మండలంలో పని చేస్తూ జిల్లా కేంద్రంలో కాపురం ఉండొచ్చు. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. "అప్ అండ్ డౌన్" అనే మాట మనకు ఎప్పుడో తెలుగైపోయింది. తప్పు పట్టడం లేదు, వాళ్ళ పిల్లల చదువులు వాళ్ళకూ ఉంటాయి. కానీ మైనస్ ఇరవై ఫారెన్‌హీట్ చలిలో, మంచు కమ్మిన కౌంటీ రోడ్డు మీద రోజూ గంట ప్రయాణం ఎన్నాళ్ళు చేస్తారు? ఊళ్ళోనే ఉందామంటే అద్దె ఇల్లు దొరకదు. ఉన్నవన్నీ సొంత ఇళ్ళు, అందులో సగం ముసలివాళ్ళు ఒంటరిగా ఉండేవి. కొత్తగా వచ్చిన టీచరుకు మొదటి టెన్షన్ పాఠం కాదు, ఇల్లు.

జీతం గురించి ఒక మాట. 2024లో అయోవా చట్టం చేసి టీచరు కనీస జీతాన్ని ఏడాదికి 33,500 డాలర్ల నుంచి ముందు 47,500కి, 2025-26 నుంచి 50,000కి పెంచింది. పక్కనున్న మిస్సోరిలో కనీసం చాలాకాలం 25,000 దగ్గరే ఉండిపోయి, 2024 చట్టంతో 40,000కి వెళ్ళింది. అదే మిస్సోరిలో దాదాపు మూడో వంతు డిస్ట్రిక్టులు వారానికి నాలుగు రోజులే బడి నడుపుతున్నాయి. ఎక్కువ జీతం ఇవ్వలేం, కనీసం సోమవారమో శుక్రవారమో సెలవు ఇస్తాం, రండి అనడం అన్నమాట! మనవాళ్ళు ఈ అంకెలు వినగానే రూపాయల్లోకి మార్చేస్తారు. నలభై లక్షలా అని కళ్ళు పెద్దవి చేస్తారు. కారు, కారు ఇన్సూరెన్సు, హీటింగ్ బిల్లు, పన్ను తీసేసి చూడమంటే అంత సరదా ఉండదు. అయినా బతకడానికి చాలనిదేం కాదు. మనుషులు వెళ్ళిపోయేది ప్రధానంగా జీతానికి కాదని నా అభిప్రాయం. భర్తకో భార్యకో ఆ ఊళ్ళో ఉద్యోగం లేక, ఉండడానికి ఇల్లు లేక, విదేశీయులైతే వీసా లేక.

మూడోదే ఈ వ్యాసానికి కారణం.

పల్లెల్లో డాక్టర్లు లేని సమస్యకు అమెరికా 1994లోనే ఒక దారి వేసింది. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరు మీద వచ్చిన కార్యక్రమం అది. జే-1 అనే మార్పిడి వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రిలో శిక్షణ) చేసిన విదేశీ డాక్టరు రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళి రావాలన్న నిబంధన ఉంది కదా, దాన్ని మాఫీ చేస్తారు. బదులుగా వైద్యులు చాలని ప్రాంతంలో మూడేళ్ళు పని చేయాలి. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మంది. పరిమితంగా ఉండే హెచ్-1బీ వీసాలకు తీసే లాటరీ గొడవ కూడా వాళ్ళకు లేదు. మిడ్‌వెస్ట్ చిన్న ఊళ్ళలో మనకు తెలుగు డాక్టర్లు తగులుతున్నారంటే ఈ దారి పుణ్యం చాలా ఉంది. మా బావగారూ అలా వచ్చినవారే. గ్రీన్‌కార్డు క్యూ భారతీయులకు ఎంత పొడుగో అందరికీ తెలిసిందే, కానీ క్యూలో నిలబడే వీలైనా ఉంది. ఇల్లు కొన్నారు. పెరట్లో గోంగూర వేస్తారు, అక్టోబర్ మంచుకు అది మాడిపోతే వచ్చే ఏడాది మళ్ళీ వేస్తారు.

మా చెల్లెలి క్లాసు పక్క గదిలో లెక్కలు చెప్పే ఫిలిప్పీన్స్ ఆవిడకు ఆ వీలు లేదు. ఆమెదీ జే-1 వీసానే, కానీ టీచర్ల విభాగం. డిగ్రీ, రెండేళ్ళ అనుభవం ఉంటే ముందు మూడేళ్ళకు వస్తుంది, బడి అడిగితే మరో రెండేళ్ళు పొడిగిస్తారు. ఐదేళ్ళతో సరి. మళ్ళీ అదే విభాగంలో రావాలంటే రెండేళ్ళు అమెరికా బయట ఉండాలి. ఇది సాంస్కృతిక మార్పిడి కార్యక్రమం, వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళి తమ దేశంలో పాఠాలు చెప్పడమే ఉద్దేశమని ప్రభుత్వం అంటుంది. కాగితం మీద బాగుంది. ఊరు మాత్రం మార్పిడి కోసం ఆమెను పిలవలేదు, ఆల్జీబ్రా చెప్పే మనిషి లేక పిలిచింది.

మన దేశం నుంచి ఇలా వెళ్ళే టీచర్లకు ఈ మధ్య ఒక వెసులుబాటు వచ్చిందని సంబరపడ్డవాళ్ళున్నారు. 2024 డిసెంబరులో అమెరికా విదేశాంగ శాఖ, ఏ దేశానికి ఏ నైపుణ్యాలున్న మనుషులు అవసరమో చెప్పే తన స్కిల్స్ లిస్టు నుంచి భారత్‌ను తీసేసింది. దాంతో ఆ లిస్టు కారణంగా రెండేళ్ళు ఇంటికి వెళ్ళి తీరాలన్న బంధం మనవాళ్ళకు పోయింది. అయితే ఏం, తర్వాత వెళ్ళడానికి దారేది? హెచ్-1బీకి ప్రభుత్వ బడులు కూడా మామూలుగా లాటరీలోకే రావాలి, సాఫ్ట్‌వేర్ కంపెనీల పక్కన నిలబడి. దేశం బయట ఉన్న మనిషికి కొత్త హెచ్-1బీ అడిగితే 2025 సెప్టెంబరు నుంచి లక్ష డాలర్ల ఫీజు. అయోవాలో కొత్త టీచరు రెండేళ్ళ జీతం అది. బోర్డు సభ్యుల్లో ఆ డబ్బు కట్టమని చెయ్యెత్తేదెవరు?

విదేశీ టీచర్లను తెస్తే స్థానికుల జీతాలు పెరగవనేవాళ్ళున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఏజెంట్ల దోపిడీ కూడా నిజమే. లూసియానాకు వెళ్ళిన దాదాపు 350 మంది ఫిలిప్పీన్స్ టీచర్ల కేసులో 2012లో జ్యూరీ 45 లక్షల డాలర్ల పరిహారం వాళ్ళకు ఇప్పించింది. వెళ్ళకముందే లక్షలు కట్టమనే కన్సల్టెన్సీల బోర్డులు చూసి ముచ్చటపడే మనవాళ్ళు ఆ కేసు ఒకసారి చదవాలి. ఊరివాళ్ళనే టీచర్లుగా తయారుచేసుకోవడం అన్నిటికంటే మంచిదని ఒప్పుకుంటాను. 2022లో అయోవా మొదలుపెట్టిన అప్రెంటిస్‌షిప్ అలాంటిదే, బడిలో సహాయకులుగా పనిచేసేవాళ్ళు జీతం తీసుకుంటూనే టీచరు డిగ్రీ చేయొచ్చు. ప్రాథమిక తరగతులకు ఇది చక్కగా పనికొస్తుంది. ఫిజిక్స్ టీచరు మాత్రం ఆ దారిన ఎంతమంది వస్తారో నాకు అనుమానమే.

నేననేది ఒక్కటే. పిల్లవాడి జ్వరం చూసే మనిషి ఊళ్ళో నిలవాలని చట్టం చేసిన దేశానికి, అదే పిల్లవాడికి పాఠం చెప్పే మనిషి కూడా నిలవాలని ముప్పై ఏళ్ళలో తోచలేదు. రాష్ట్రానికి ముప్పై కాకపోతే పది పెట్టండి. లెక్కలు, సైన్స్ టీచర్లకే ఇవ్వండి. నాలుగేళ్ళు ఆ ఊళ్ళోనే పని చేయాలని షరతు పెట్టండి. డాక్టర్ల విషయంలో పనిచేసిన పద్ధతే, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

ఆ ఫిలిప్పీన్స్ ఆవిడకు ఇది ఐదో ఏడాది. ఇప్పుడు ఆమె ఊళ్ళో నడుస్తుంటే పికప్ ట్రక్కుల్లో పోయేవాళ్ళు స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపి పలకరిస్తారు, అక్కడ ఊరి మనిషికి పెట్టే దండం అది. తన సెకండ్‌హ్యాండ్ కారు అమ్మకానికి పెట్టింది. మా చెల్లెలు వాళ్ళ ఇంటికి పిలిచి పులిహోర పెట్టింది, ఆవిడ చింతపండు రుచి చూసి మా ఊళ్ళో కూడా ఇది వేస్తామంది. ఫిబ్రవరిలో ఆ లెక్కల పోస్టుకి మళ్ళీ ప్రకటన వచ్చింది. పోయినసారి వాక్యాలే, చివర "వాలీబాల్ కోచింగ్ చేయగలవారికి ప్రాధాన్యం" అనే లైనుతో సహా.